మూడు పూటలూ చూశాకే

ఆ పొద్దున యశోదమ్మ పాల కేంద్రంలో గొడవపడింది.

మిషను ఫ్యాట్ మూడు పాయింట్ ఆరు చూపించింది. ఆమె క్యాను మూత చేతిలోనే పట్టుకుని కదలకుండా నిలబడి, "ఇంగోసారి పెట్టు పాపా" అంది.

కేంద్రంలో పాలు కొలిచే శాలిని, "ఎన్నిసార్లు పెట్టినా అదే వస్తాది అవ్వా. మిషనుకి నీమింద కోపమా యేమన్నా?" అంది.

"మిషనుకి కోపం లేదు. నువ్వే దాన్ని నిన్న సాయంత్రం నుంచీ కడగలేదు. నా ఆవు రాత్రి చెనిక్కాయ చెక్క తినింది. దాని పాలు నాలుక్కి తగ్గవు."

వెనక క్యాన్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళు నవ్వారు. శాలిని మూతి ముడుచుకుని మిషను కడిగి మళ్ళీ పెట్టింది. నాలుగు పాయింట్ ఒకటి. యశోదమ్మ చీటీ తీసుకుని రవికలో దోపుకుని, "ఆవు అబద్ధం సెప్పదు తల్లీ" అని ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చి కొడుకు ప్రవీణ్‌కి కాఫీ ఇచ్చింది. రాత్రి నానబెట్టిన అనపగింజలు గంపలో ఉన్నాయి. తల్లీ కొడుకూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని పప్పు పితకడం మొదలుపెట్టారు. గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలో పడాలి. ప్రవీణ్‌కి ముప్పయ్యారేళ్ళు. చదువు రాలేదు, లెక్క రాలేదు. పది రూపాయల నోటుకీ ఐదువందల నోటుకీ రంగులోనే తేడా. పప్పు పితకడంలో మాత్రం ఊళ్ళో వాడిని మించినవాళ్ళు లేరు.

సగం గంప అయ్యాక యశోదమ్మ గోడకు ఆనుకుంది. కునుకు పట్టిందనుకున్నాడు వాడు. మిగతా సగం తనే పితికేశాడు. గిన్నె ఎత్తుకుని, నాలుగిళ్ళ అవతల ఉండే హరిత దగ్గరికి పోయి, "వదినా, పప్పు అయిపాయ. అమ్మ లేయలేదు" అన్నాడు.

కుప్పంలో మాలతికి ఫోను వచ్చేసరికి ఆమె ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతోంది. మాలతి యశోదమ్మ పెద్ద బిడ్డ. ప్రవీణ్ కంటే ఎనిమిదేళ్ళు పెద్దది. పెళ్ళయినప్పటి నుంచీ కుప్పంలోనే ఉంది. భర్త గ్రానైటు పాలిషింగు యూనిట్లో సూపర్వైజరు, ఒక్కతే కూతురు రమ్యశ్రీ. ఆ రోజు స్కూలు నుంచి నేరుగా బస్టాండుకి వెళ్ళి పుంగనూరు పోయే బస్సెక్కింది. వి.కోట దాటేదాకా ఏడ్చింది. పలమనేరు వచ్చేసరికి ఏడుపు ఆగి, దాని చోట భయం కూర్చుంది.

ఇక ప్రవీణ్‌ని చూసుకునేది ఎవరు? అమ్మ ఎవరి పేరు రాసింది?

రెండేళ్ళుగా ఆమె లోపల మెదులుతున్న ప్రశ్నే అది. అమ్మను అడిగి ఉండవచ్చు. అయితే తల్లి బతికుండగా కూతురు వీలునామా ఊసెత్తితే, ఎప్పుడు పోతావని అడిగినట్టే. పైగా అడగకుండా ఉండటానికి మాలతికి ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని భర్తకు కూడా ఆమె చెప్పలేదు.

యశోదమ్మ ఊరున్న సదుం చుట్టుపక్కల పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. తనంతట తాను బతకలేని మనిషికి తల్లీ తండ్రీ పోతే, దాయాదుల్లో ఒకరు ముందుకొచ్చి "మేం అన్నం పెడతాం" అంటారు. నలుగురు పెద్దమనుషులు తలలు ఊపుతారు. ఆ మనిషి వాటా భూమి అన్నం పెట్టే ఇంటికి పోతుంది. కాగితం ఉండదు, మాటే. చాలాసార్లు ఆ మాట నిలబడుతుంది కూడా. నిలబడనప్పుడు ఏమవుతుందో యశోదమ్మ దాసప్ప విషయంలో కళ్ళారా చూసింది.

దాసప్ప పక్క ఊరివాడు. పుట్టు మూగ, చెవుడు. అన్న పోయాక వాడిని తీసుకున్న ఇల్లు రెండేళ్ళు బాగానే చూసింది. తర్వాత వాడి ఎకరన్నర మీద వేలిముద్ర వేయించుకున్నారు. భూమి ప్లాట్లయింది. దాసప్ప ఇంట్లోంచి కొట్టంలోకీ, కొట్టంలోంచి రోడ్డు మీదికీ వచ్చాడు. రెండేళ్ళ కిందట ఒకసారి యశోదమ్మ మదనపల్లె టమాటా మార్కెట్ మీదుగా పోతుంటే, ఖాళీ క్రేట్ల పక్కన కూర్చున్న మనిషి ఆమెను చూసి లేచాడు. రెండు పిడికిళ్ళూ పైకీ కిందికీ ఆడిస్తూ పాలు పితికినట్టు చూపించాడు. నువ్వు పాలమ్మవు కదా అని ఆనవాలు పట్టాడన్నమాట. ఆమె వాడికి టిఫిను పెట్టించి ఇంటికొచ్చింది. మూడో రోజు మాలతికి ఫోను చేసి, "ఆదివారం రా. ప్లీడరు దగ్గరికి పోవాల" అంది.

యశోదమ్మది పెద్ద ఆస్తేం కాదు. పుట్టింటి నుంచి తోలుకొచ్చిన ఒక్క ఆవుతో మొదలుపెట్టి, ఇరవయ్యేళ్ళు పాలు పోసి మూడెకరాలు తన పేర కొనుక్కుంది. ఒక బోరు, రెండు గదుల ఇల్లు, నాలుగు ఆవులు. భర్త సుబ్రహ్మణ్యం మంచివాడే కానీ, ఆయన వాటా భూమి ఆయన ఉండగానే బోర్లు తవ్వించడంలో కరిగిపోయింది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. కాబట్టి మూడెకరాలు ఆమె స్వార్జితం. ఎవరికి రాయాలన్నా ఆమె ఇష్టమే. ఆ ఒక్క మాట ప్లీడరు రామమూర్తి చెప్పినప్పుడు ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

రామమూర్తి మదనపల్లె కోర్టు దగ్గర ఒక మేడ మీది గదిలో ఉంటాడు. ఆమె దగ్గర ఏళ్ళ తరబడి నెయ్యి కొంటున్నవాడు.

"ఏం యశోదమ్మా, నెయ్యి డబ్బా కనపడదే?"

"సంచిలో ఉండాది సార్. ముందు మాట అయిపోనీ. నేను పోతే వీడికి ఎవురు?"

రామమూర్తి కళ్ళజోడు తీసి పెట్టాడు. "దానికంటే ముందు ఒకటి తెలుసుకోవాలమ్మా. ప్రవీణ్‌కి పద్దెనిమిదేళ్ళు నిండిన రోజు నుంచీ చట్టం లెక్కలో నువ్వు కూడా వాడికి గార్డియన్‌వి కాదు."

"నేను కాకుంటే ఎవురు? ఆ చట్టం వచ్చి వాడికి నీళ్ళు పోస్తాదా?"

మాలతి నవ్వు ఆపుకుంది. ప్లీడరు ఆపుకోలేదు. నవ్వి, ఓపిగ్గా చెప్పాడు. ప్రవీణ్ లాంటివాళ్ళకు పెద్దయ్యాక కూడా గార్డియన్‌ని నియమించడానికి కలెక్టరు కింద ఒక కమిటీ ఉంటుంది. వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపులో ఇచ్చిన సర్టిఫికెట్టు పెట్టి అర్జీ ఇస్తే, వాళ్ళు విచారించి ఉత్తరువు ఇస్తారు. ఇక భూమి సంగతి. ఇప్పుడే ఎవరికైనా దానపత్రం రాసిచ్చేస్తే భూమి ఈ రోజే చేయి దాటుతుంది. చూసుకోవాలన్న షరతు అందులో రాయకపోతే, రేపు వాళ్ళు చూడకపోయినా వెనక్కి తెచ్చుకోవడం కష్టం. వీలునామా అయితే ఆమె ఉన్నన్నాళ్ళూ భూమి ఆమెదే. మనసు మారితే కాగితమూ మార్చుకోవచ్చు.

"ఇంకో మాట. అన్నం పెట్టేవాళ్ళూ, పెట్టారా లేదా అని అడిగేవాళ్ళూ ఒకరే కాకూడదు."

యశోదమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "పాలు పోసేటోళ్ళే ఫ్యాట్ సూసుకుంటే యెట్లా, అంతే గదా?"

"అంతే."

"ఈ మాట ముందే సెప్పింటే పదకొండు గంటల బస్సు దొరికుండు" అని సంచిలోంచి నెయ్యి డబ్బా తీసింది.

తిరుగు బస్సులో మాలతి అడిగింది. "ఎవరి పేరు రాస్తావు మా?"

అప్పటికి అడగడానికి ఆమెకు జంకు లేదు. ఎంచడానికి పెద్దగా మనుషులు కూడా లేరు. ఒకటి తను. రెండోది ఊళ్ళోనే ఉండే గణేష్. సుబ్రహ్మణ్యం అన్న కొడుకు, టమాటా సాగు చేస్తాడు, మార్కెట్‌కి బొలెరో తోలుతాడు. హరిత అతని భార్య. చుట్టుపక్కల వాళ్ళంతా ప్రవీణూ మూడెకరాలూ గణేష్ ఇంటికే అనుకుంటున్నారు. గణేష్ కూడా అదే అనుకుంటున్నాడు.

యశోదమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఆవును కొనేటప్పుడు నేనేం సేస్తానో నీకు తెలీదా?" అంది.

మాలతికి బాగా తెలుసు. ఆవు బేరానికి పోతే యశోదమ్మ మూడు పూటలు అక్కడే ఉండిపోయేది. అమ్మేవాళ్ళు ఒక పూట పితకకుండా వదిలేస్తే మర్నాడు పొదుగు నిండుగా కనిపిస్తుంది. చూసినవాడు మోసపోతాడు. అందుకని వరసగా మూడు పూటలూ కళ్ళ ముందు పితికించి, పాలు కొలిపించి, అప్పుడు గానీ బయానా ఇచ్చేది కాదు. వాళ్ళ అరుగు మీదే పడుకునేది. వాళ్ళ విసుగు ఆమెకు పట్టేది కాదు.

"ఆవుకే మూడు పూటలు సూస్తాను. వీడిని ఊరికే ఒకరి సేతికిచ్చేస్తానా?"

ఆ తర్వాత మూణ్ణెల్లలో ప్రవీణ్ మూడుసార్లు కుప్పం వచ్చాడు. మూడుసార్లు గణేష్ ఇంట్లో ఉన్నాడు. ముందు ఫోను ఉండదు. ఏదో ఒక పొద్దున గేటు చప్పుడవుతుంది, సంచితో ప్రవీణ్, వెనక యశోదమ్మ. "నాలుగు దినాలు వీడిని పెట్టుకో" అని కాఫీ కూడా తాగకుండా పోయేది.

మొదటిసారి బాగానే జరిగింది. మాలతి ఇల్లు రైల్వే స్టేషన్ వెనకాలే. ప్రవీణ్ గోడ పట్టుకుని బెంగళూరు రైళ్ళు చూసేవాడు. రమ్యశ్రీ వాడికి ఫోనులో ఆవుల వీడియోలు చూపించేది.

రెండోసారి వచ్చినప్పుడు రమ్యశ్రీ పుట్టినరోజు. పదో తరగతి పిల్లలు ఆరుగురు హాల్లో కూర్చున్నారు. ప్రవీణ్ తినేటప్పుడు అన్నం చొక్కా మీద పడుతుంది, నోరు మూయకుండా నములుతాడు, నవ్వితే మెతుకులు ఎగురుతాయి. రమ్యశ్రీ తల్లి వైపు ఒక చూపు చూసింది. మాలతి ప్రవీణ్ పళ్ళెం తీసుకుని పెరటి మెట్టు మీద పెట్టి, "ఈడైతే గాలి వస్తాది నాయనా" అంది. వాడు సంతోషంగానే కూర్చున్నాడు.

అప్పుడే పెరటి గేటు తెరుచుకుని యశోదమ్మ వచ్చింది. నాలుగు రోజులన్నది రెండో రోజే వచ్చేసింది. మెట్టు మీది కొడుకును చూసింది, లోపలి నవ్వులు విన్నది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, వాడి పక్కనే కూర్చుంది.

"నాకూ ఈడనే పెట్టమ్మా" అంది.

మాలతి పెట్టింది. తల్లి తిన్నది, బాగుందంది, మనవరాలి తల మీద చేయి పెట్టి దీవించింది, కొడుకును తీసుకుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మెట్టు మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే మాలతి ఏడ్చి తేలిగ్గా అయిపోయి ఉండేది.

మూడోసారి మాలతి ఒళ్ళు దాచుకోలేదు. స్కూలుకి సెలవు పెట్టింది. కొత్త చొక్కా, కోడికూర, డైనింగు టేబులు దగ్గర నడిమి కుర్చీ. తీసుకుపోవడానికి వచ్చిన యశోదమ్మ కొడుకును పైనుంచి కింది దాకా చూసి, "ఏమిరా, పెండ్లికొడుకయినావు? మీ అక్కకి నువ్వంటే భయం పట్టుకునిందే" అంది. నవ్వుతూనే అంది. మాలతికి మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

ఇది జరిగిన వారంలోగానే గణేష్ ఫోను చేశాడు. "అక్కా, చిన్నమ్మను బొలెరోలో పుంగనూరు రిజిస్ట్రారాఫీసుకి తోడుకొని పోయినా. పని అయిపాయ."

"ఏం పని?"

"ఆయమ్మ సెప్పలేదు, నేనడగలేదు. బయట మూడు టీలు తాగినా. ఇంగేముంటాది అక్కా, నీకు తెలీందా?"

మాలతికి అంతా తెలిసిపోయిందనిపించింది. భూమి పోయినందుకు ఆమెకు బాధ లేదు. గణేష్ చెడ్డవాడూ కాదు. కానీ టమాటా మనిషి. ధర ఉన్న ఏడు రాజు, లేని ఏడు పేద. ఒక చెడ్డ ఏడు వస్తే, ఆ మూడెకరాలు ఏమవుతాయి? మూడెకరాలు పోయిన ఇంట్లో ప్రవీణ్ ఏమవుతాడు? అడగాలంటే మెట్టు అడ్డం వచ్చేది. తన ఇంట్లో తమ్ముడికి చోటు లేదని చూపించుకున్నది తనే కదా. ఆ నోటితో ఏమని అడుగుతుంది?

అలా రెండేళ్ళు గడిచాయి. ఆ బస్సు పలమనేరు దాటి పుంగనూరు చేరేదాకా ఆ రెండేళ్ళూ ఆమె ఒళ్ళో కూర్చునే ఉన్నాయి.

దినాలు అయిపోయాక రామమూర్తి అందరినీ మదనపల్లె రమ్మన్నాడు. గణేష్ బొలెరోలో బయలుదేరారు. ముందు సీట్లో ప్రవీణ్, వెనక మాలతి, హరిత. బండి నిండా టమాటా వాసన. గణేష్ తెల్లచొక్కా వేసుకున్నాడు. "నువ్వేం దిగులు పడొద్దక్కా, వాడు మా ఇంట్లో బిడ్డ మాదిరి ఉంటాడు" అని దారిలో రెండుసార్లు అన్నాడు. మాలతి రెండుసార్లూ తల ఊపింది.

రామమూర్తి రిజిస్టరయిన కాగితం విప్పి చదివాడు. మొదటి రెండు పేజీలూ సర్వే నంబర్లూ హద్దులూ. తర్వాత అసలు మాట వచ్చింది. మూడెకరాల మీద వచ్చే ఫలసాయం ప్రవీణ్ జీవించి ఉన్నంతకాలం వాడి పోషణకే. అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ ఎవరికీ హక్కు లేదు. సాగు చేయించి, వాడిని తన ఇంట ఉంచుకుని చూసుకోవలసినది హరిత. వాడి తర్వాత భూమి హరితకు చెందుతుంది.

"హరితకా?" అన్నాడు గణేష్.

"హరితకే. నీ పేరు ఇందులో లేదప్పా."

గణేష్ భార్య వైపు చూశాడు. ఆమె ప్రవీణ్ చొక్కా గుండీ సరిచేస్తోంది. తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ప్లీడరు చదువుతూనే ఉన్నాడు. ఇల్లు కూతురు మాలతికి. ఆవులు ప్రవీణ్ ఉన్నచోటనే ఉండవలెను. ప్రవీణ్‌కు గార్డియన్‌గా మాలతిని నియమింపజేయవలెను. హరిత సరిగా చూడనిపక్షంలో వాడిని వేరే చోట ఉంచే అధికారం మాలతికి కలదు, అట్టి పరిస్థితిలో హరితకు భూమి మీద హక్కు ఉండదు. ఇక్కడ ఆగి, రామమూర్తి కళ్ళజోడు మీదుగా చూశాడు.

"ఈ తర్వాతి వాక్యం వద్దని చెప్పినా. చట్టానికి దీంతో పని లేదన్నా. వినలేదు. 'రాయి సార్, నీకేం పోయింది' అనింది." గొంతు సవరించుకుని చదివాడు. "గార్డియన్ అయిన నా కుమార్తె నెలకొక్కసారి అయినా, ముందుగా ఫోన్ చేయకుండా వచ్చి చూడవలెను."

హరితే మొదట నవ్వింది. ఆ తర్వాత గణేష్. మాలతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"నాకు రాయనిదే మంచిదయింది సార్" అన్నాడు గణేష్, ఉన్నట్టుండి. మొహం తుడుచుకున్నాడు. "పోయినేడు టమాటా రోడ్డుమింద పారబోసినప్పుడు ఆ భూమి నా సేతిలో ఉండుంటే, ఈపాటికి ఉండేది కాదు. చిన్నమ్మకి నా సంగతి నాకంటే బాగా తెల్సు."

"నీకు బొలెరో ఉండాది గదా" అంది హరిత. "అది సాలు."

"అదీ నీ పేరుకే రాసుకో."

"రాసేదేముంది, డీజిలు కొట్టించేది నేనేగా."

రామమూర్తి మాలతి వైపు తిరిగాడు. "గార్డియన్ అర్జీ మీద నీ సమ్మతి కావాలమ్మా. వీలునామాలో రాసినంత మాత్రాన అయిపోదు. నువ్వు సరే అంటేనే."

మాలతి సరే అనలేకపోయింది. అప్పుడు చెప్పింది, అందరి ముందూ. పుట్టినరోజు, ఆరుగురు పిల్లలు, పెరటి మెట్టు, నాకూ ఈడనే పెట్టమ్మా అన్న అమ్మ. చెబుతున్నంతసేపూ బల్ల మీది పేపర్‌వెయిట్‌నే చూస్తూ ఉంది. "అమ్మ చూసింది. చూసి కూడా నా పేరు ఎందుకు రాసిందో నాకు తెలియడం లేదు సార్."

ప్రవీణ్ తన పేరు విని, అక్క మొహం చూసి, నవ్వాడు.

హరిత అంది. "మా ఇంట్లో వాడు రోజూ మెట్టు మిందే తింటాడు వదినా. కుక్క పక్కన లేకుంటే ముద్ద దిగదు వాడికి. నువ్వు యాల కూచోబెట్టినావో నీకు తెల్సు, వాడికి తెల్దు. నేను వాడిని తిడతాను కూడా. గడ్డి మోపు సగం దారిలో పారేసి వస్తే వీపుమింద ఒకటి ఇస్తాను. అత్త సూస్తానే ఉండేది. రేపు నేను ఎక్కువ తిట్టినా తక్కువ పెట్టినా, అడిగేదానికి మనిషి ఉండాల గదా. తను సేసింది ఇన్నేండ్లు మనసులో పెట్టుకొని కుమిలేటోళ్ళే అడగతారు. తప్పు సేసి మర్సిపోయేటోళ్ళు ఏం అడగతారు?"

మాలతి సంతకం పెట్టింది.

కమిటీ విచారణకు పోయిన రోజు ప్రవీణ్ ఇస్త్రీ చొక్కాలో బుద్ధిగా కూర్చున్నాడు. అధికారి ఒకామె వాడి ముందు వంగి, "నీకు ఎక్కడ ఉండాలని ఉంది బాబూ? అక్క దగ్గరా, వదిన దగ్గరా?" అని అడిగింది. వాడు ఆమెను జాలిగా చూశాడు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

"ఆవులు యాడుంటే ఆడ" అన్నాడు.

ఆమె నవ్వి రాసుకుంది. కొన్ని వారాలకు ఉత్తరువు వచ్చింది. ఆ కాగితం చేతికొచ్చిన రోజు మాలతి కుప్పం స్టేషన్ బయట కాఫీ తాగింది, నిలబడి, ఒక్కతే, నిదానంగా. రెండేళ్ళలో ఎన్నడూ ఆమెకు కాఫీ రుచి తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. దాసప్ప లాగా తన తమ్ముడు ఎవరి క్రేట్ల పక్కనా కూర్చోడు. వాడి కింద భూమి ఉంది. వాడి మీద రెండు జతల కళ్ళు ఉన్నాయి. ఆ కళ్ళు ఒకదాన్నొకటి కూడా చూసుకుంటూ ఉంటాయి. పాలు పితికే మనిషి, బడి మెట్లు ఎక్కని మనిషి, ఇంత చక్కగా అల్లిపెట్టి పోయింది.

మరుసటి నెల మాలతి ఫోను చేయకుండా ఊరికి పోయింది. హరిత కొట్టంలో గడ్డి వేస్తోంది. ప్రవీణ్ దూడకు నీళ్ళు పెడుతూ సగం తన కాళ్ళ మీద పోసుకుంటున్నాడు.

"వచ్చేసినావా గార్డియనమ్మా" అంది హరిత. "సూడు, లెక్క పెట్టుకో. రెండు చేతులు, రెండు కాళ్ళు, అన్నీ ఉండాయి. నిన్న ఒక గోరు కత్తిరించినా, దానికి మాత్రం రసీదు లేదు."

మాలతి నవ్వుతూ పక్కన కూర్చుంది. కొంతసేపు ఇద్దరూ గడ్డి విడదీశారు. అప్పుడు అడిగింది, ఇన్నాళ్ళూ లోపల ఉన్నదాన్ని. "ఆ మూడుసార్లూ మా ఇంటి నుంచి వచ్చినాక అమ్మ వాడిని ఏమేం అడిగేది హరితా? నా గురించి వాడు ఏం చెప్పేవాడు?"

హరిత చేతులు ఆగాయి. "నీ గురించా? నీ గురించి యాల అడగతాది? బస్సు దిగి నేరుగా ఈడికే తోడుకొని వచ్చేది, ఈ కొట్టంలోకే. అడిగేది ఒక్కటే వదినా. 'అక్కోళ్ళింట్లో నిద్ర పట్టిందా నాయనా?' అంతే. తిండి సంగతి లేదు, ఇంగోటి లేదు. మా ఇంట్లో పండుకున్నా అదే అడిగేది."

"వాడేం చెప్పినాడు?"

"మొదటిసారి పట్టలేదన్నాడు. రెండోసారి కొంచెం అన్నాడు. మూడోసారి పట్టిందన్నాడు. ఆ పైన వచ్చిన సోమవారమే అత్త పుంగనూరు పోయింది."